కాకిబంగారం

సైదాపురంలో ఎరువుల కొట్టు వెనక గదిలో
గని మస్టర్లు పదకొండు.
చెదలు తిన్నవి పోగా.

నా చేతిలో స్కానరు. అప్పడాల కర్రంత పొడవు,
రెండు పెన్సిల్ సెల్లులు మింగుతుంది,
నెల్లూరు ట్రంకు రోడ్డులో రోజుకి నూట యాభై అద్దె.
పుట మీద ఆనించి పైనుంచి కిందికి లాగాలి,
పసిబిడ్డ వీపుకి నూనె రాసినట్టు.
తొందరపడితే ఎర్రలైటు.
చెయ్యి వణికితే అంకెలు అలలవుతాయి,
రూపాయి పావలా సాగి సాగి మూడు రూపాయలంత అవుతుంది.
ఆ గనిలో ఇంత కూలి పెంచినవాడు నాకు ముందు లేడు.

గూడూరు నుంచి మునాఫ్ మామ వచ్చాడు
మెడలో కెమెరా, సంకలో నల్లగొడుగు.
నలభై ఏళ్ళు పెళ్ళిళ్ళు తీసిన మనిషి.
"నీది నాలుక మే, పుటల్ని నాకతా పోతాది.
నాది కన్ను. దూరాన నిలబడి చూస్తాది, ముట్టుకోదు."
నిజమే, ముట్టుకుంటే పొడిగా రాలే పుటలున్నాయి.
అయితే ఆ కంటికీ రోగాలున్నాయి.
కుట్టు దగ్గర పుట వంగి పేర్లు లోయలో పడతాయి,
ఆయన తల నీడకి సగం నెల చీకటవుతుంది.
గొడుగు అటు పట్టు, ఇటు పట్టు,
మధ్యాహ్నానికి నా భుజాలే పడిపోయాయి.

అసలు తంటా అభ్రకంతో.
యాభై ఏళ్ళ కిందటి దుమ్ము, మడత మడతలో.
అందులో కలిసిన పలుగు రవ్వ ఒకటి
నా స్కానరు గాజు మీద గీత గీసింది.
ఆ తర్వాత ప్రతి పుటలో నిలువునా అదే గీత,
పనికొచ్చినవాళ్ళనీ రానివాళ్ళనీ కలిపి కొట్టేస్తూ.
మామ ఫ్లాష్ కొడితే పుటంతా చుక్కలు,
పట్టపగలు ఎవరో రాత్రి తెరిచినట్టు.
ఆ చుక్కల వెనక ఒక్క పేరూ కనపడదు.

గోడకి ఒక ఫోటో ఉంది, డెబ్బై ఒకటి నాటిది,
చెమ్మకి అద్దానికి అతుక్కుపోయింది.
నేను లాగితే ముఖాలు చదునుగా, చల్లగా వచ్చాయి.
మామ తీస్తే అద్దంలో మామే పడ్డాడు,
తట్టలు పట్టుకున్న ఆడవాళ్ళ వరసలో
ముఖం ఉండాల్సిన చోట కెమెరాతో ఒక మగవాడు.
చెరిపెయ్యమన్నాడు.
నేను చెరపలేదు.

నాలుగో రోజు తుపాకుల పోలమ్మ వచ్చింది,
దగ్గు ముందు, మనిషి తర్వాత.
గనిలో పనిచేసినట్టు రుజువు కావాలంట పింఛనుకి.
రొమ్ములో ఉన్న రుజువు చాలదంట.

అరవై తొమ్మిది, ఆగస్టు, ఇరవై మూడో వరస.
పేరు పక్కన ఊదారంగు వేలిముద్ర.
రెండు బొమ్మలూ తెర మీద పక్కపక్కన పెట్టాను.
నాదాంట్లో గీతలు గీతలుగా, నీటుగా,
ఎవరి వేలైనా కావొచ్చు.
మామదాంట్లో మసగ్గా, మధ్యలో ఒక రవ్వ మెరుస్తా.
ఇందులో ఏది నీది అవ్వా?

ఆమె తెర వంకే చూడలేదు.
మస్టరు ఎత్తి, వాకిట్లో ఎండకి వంచి,
రేకులు చీల్చినవాళ్ళ అలవాటున ఒంటికన్ను మూసి
"మూడో రకం రేకు. మరక ఉండాది" అంది.
గోటితో ఆ రవ్వని గిల్లింది.
మేమిద్దరం అరిచేలోపు
అది రెండు పొరలైంది.
"ఒకటి నీకు. ఒకటి ఆయనకి."

సాయంత్రం అప్లికేషన్ అడిగింది,
బొమ్మ రెండొందల కేబీ లోపే ఉండాలని.
స్కాను పట్టలేదు, ఫోటో అసలే పట్టలేదు.
కుదించి, కుదించి, పంపాం.
ఇప్పుడు ఏ ఆఫీసులోనో, ఏ తెర మీదో
పోలమ్మ వేలు ఒక ఊదా మచ్చ.

స్కానరు తిరిగి ఇచ్చేటప్పుడు కొట్టువాడు
గాజుని ఎండకి వంచి
ఒంటికన్ను మూసి చూశాడు.
గీతకి మూడొందలు పట్టుకున్నాడు.